రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాలు ఎందుకు గెలిచాయి? చలి, అణుబాంబు... ఇంతేనా?

అనకాపల్లి_సోషల్‌సార్
పదో తరగతికి సోషల్ చెబుతాను. ఈ పాఠం వచ్చిన ప్రతిసారీ పిల్లలు అడిగేది ఒకటే: "మాస్టారూ, హిట్లర్ ఎందుకు ఓడిపోయాడు?" గైడ్లు తిరగేస్తే రెండే ముక్కలు. రష్యా చలికి జర్మన్లు బిగుసుకుపోయారు, జపాన్ మీద అణుబాంబు పడింది, యుద్ధం ముగిసింది. ఆరేళ్ళు సాగిన యుద్ధానికి, కోట్లమంది చావుకి ఇదా సమాధానం? 1940లో ఫ్రాన్సు ఆరు వారాల్లో పడిపోయింది. 1942 వేసవికి జర్మనీ ఓల్గా నది దాకా, జపాన్ బర్మా దాకా వచ్చేశాయి. అంత దూరం వచ్చినవాళ్ళు మూడేళ్ళలో ఎలా కూలిపోయారు? ఏ కారణానికి ఎంత బరువుందో చదివినవాళ్ళు చెప్పండి. నాకు కోపంగా ఉంది, పిల్లలకి ఆ రెండు ముక్కలే అప్పజెప్పాలంటే మనసొప్పడం లేదు.

కడప_కరీం
చలి అనేది జర్మన్ జనరళ్ళు యుద్ధం అయిపోయినాక చెప్పుకున్న సాకు సార్. రష్యా వాళ్ళకు పడలేదా ఆ చలి? 1941 జూన్ 22న దాదాపు 30 లక్షల మందితో దిగినారు. రెండు మూడు నెలల్లో తేల్చేస్తామనుకున్నారు. ఎండాకాలంలోనే, ఆగస్టుకే, బండ్లు అరిగిపోయి సరుకు అందక స్మోలెన్స్క్ దగ్గర ఆగాల్సి వచ్చింది. అక్టోబర్లో వానలు పడి రోడ్లన్నీ బురద. డిసెంబర్ 5న మాస్కో దగ్గర ఎర్రసైన్యం ఎదురుదాడికి దిగేటప్పటికే జర్మన్లు పస అయిపోయి ఉండారు. చలి కథలోకి వచ్చింది ఆ బురద తర్వాతే.

లెక్కలరాణి
గుర్రాల సంగతి కూడా చెప్పాలి. ఆ దండయాత్రలో జర్మన్ల వెంట సుమారు 6 లక్షల గుర్రాలు నడిచాయి. సినిమాల్లో మనకి ట్యాంకులే చూపిస్తారు. వెనకాల ఫిరంగుల్నీ రొట్టెల్నీ లాగింది గుర్రాలే.

నెల్లూరు_నాని
6 లక్షల గుర్రాలకి గడ్డి ఎక్కడ తెచ్చారండీ? ఆ కాంట్రాక్టు ఎవరికి దక్కిందో 😀

కాజీపేట_లోకో
రైల్వేల పనిచేసి రిటైర్ అయిన. నాని అడిగిన గడ్డి కాడి నుంచి తుపాకి గుండు దాక అన్నీ రైలు మీదనే పోవాలె, గందుకే గేజ్ గురించి చెప్త. జర్మనీ పట్టాల నడుమ వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, రష్యాది 1,524. జర్మన్ బండి రష్యా లైను మీద నడవది. ఒక్క పట్టా ఊడదీసి లోపటికి జరిపి మళ్ళ కొట్టాలె, వేల కిలోమీటర్లు. పట్టా జరిపినంక గూడ పని ఒడవలే. రష్యా ఇంజన్లు పెద్దయి, ఒక్కసారి నీళ్ళు పట్టుకుంటే చాన దూరం పోతయి. గందుకే వాళ్ళ నీళ్ళ స్టేషన్లు దూరం దూరం ఉంటయి. జర్మన్ ఇంజన్లకు మధ్యలనే నీళ్ళు అయిపోయేటియి.

కరీం భాయ్, చలిని మొత్తానికే తీసేయకు. చలి ముందుగాల కొట్టింది ఇంజన్లను. వాళ్ళ ఇంజన్లకు నీళ్ళ పైపులు బాయిలర్ బయట ఉండె, గడ్డకట్టి పగిలినయి. బండ్లు ఆగినంక చలికోట్లు పోలండ్ల గోదాములల్లనే ఉండిపాయె. నిజామాబాద్ దిక్కు మీటర్‌గేజ్‌ను బ్రాడ్‌గేజ్ చేసినప్పుడు నేను దగ్గరుండి చూసిన. కాల్పులు లేకపాయె, మంచు లేకపాయె, అయినా ఎన్ని తిప్పలు పడ్డమో నాకు ఎరుక.

డల్లాస్_దొరబాబు
అందరూ రష్యా గురించే రాస్తున్నారు. అమెరికా ఫ్యాక్టరీల్ని పక్కన పెడితే ఈ యుద్ధం అర్థం కాదు. 1944 ఒక్క సంవత్సరంలోనే అమెరికా దాదాపు 96,000 విమానాలు తయారుచేసింది. డెట్రాయిట్ దగ్గర విల్లో రన్ ఫ్యాక్టరీ జోరు మీదున్నప్పుడు గంటకో బి-24 బాంబర్ బయటికి వచ్చేది. సరుకులు మోసే లిబర్టీ ఓడలు 2,710 కట్టారు. వాటిలో ఒకదాన్ని ఐదు రోజులు తిరక్కుండా నీళ్ళలోకి దించారు. జర్మన్ జలాంతర్గాములు ముంచేదానికన్నా వీళ్ళు కట్టేదే ఎక్కువైపోయింది.

ఇక రష్యాకి లెండ్-లీజ్ (అమెరికా మిత్రదేశాలకి సరుకులు పంపిన సాయం) కింద వెళ్ళినవి: ట్రక్కులు, జీపులు కలిపి సుమారు 4 లక్షలు, రైలింజన్లు దాదాపు 2,000. విమానాల పెట్రోలు, అల్యూమినియం, బూట్లు, తిండి లెక్కలేనంత. కత్యూషా రాకెట్లు ఫొటోల్లో చూసి ఉంటారు. వాటి కింద ఉన్నది చాలావరకు అమెరికా స్టూడిబేకర్ ట్రక్కే.

కడప_కరీం
దొరబాబూ, ఆ ట్రక్కులు ఎప్పుడు వచ్చినాయో కూడా చెప్పు. ఎక్కువ భాగం 1943 నుంచే. మాస్కో నిలబడింది 1941లో. స్టాలిన్‌గ్రాడ్‌లో మిగిలిన జర్మన్లు సుమారు 91,000 మంది చేతులెత్తేసింది 1943 ఫిబ్రవరి 2కల్లా. అప్పటికి స్టూడిబేకర్లు యాడున్నాయి? 1941లో బాంబులు పడతాండంగానే 1,500కు పైగా ఫ్యాక్టరీలను ఊడదీసి రైళ్ళకెక్కించి ఉరల్ కొండల అవతలికి తీసకపోయినారు. కొన్నిచోట్ల గోడలు లేవకముందే, కప్పు పడకముందే యంత్రాలు తిప్పినారు. సోవియట్ యూనియన్ పోగొట్టుకున్న ప్రాణాలు సుమారు 2 కోట్ల 70 లక్షలు. జర్మన్ సైన్యంలో చచ్చినోళ్ళలో కూడా ఎక్కువమంది ఆ తూర్పు నేల మీదనే చచ్చినారు. డాలర్లకూ ప్రాణాలకూ ఒకే తక్కెడ పెడితే నేను ఒప్పుకోను.

డల్లాస్_దొరబాబు
తక్కెడ నేను పెట్టలేదు కరీం గారూ. నిలబడటం ఒకటి, తరిమి కొట్టడం ఒకటి. 1941లో నిలబడింది రష్యా తన సొంత రక్తంతో, అందులో నాకు రెండో మాట లేదు. కానీ 1944 జూన్‌లో రష్యా చేసిన బాగ్రతియోన్ దాడి చూడండి. బెలారస్‌లో జర్మన్ల సెంట్రల్ ఆర్మీ గ్రూపు మొత్తం కుప్పకూలింది, కొన్ని వారాల్లో వందల కిలోమీటర్లు ముందుకెళ్ళారు. జులై 17న 57,000 మంది జర్మన్ ఖైదీల్ని మాస్కో వీధుల్లో నడిపించారు. అంత వేగంగా సైన్యం వెనకే తిండీ మందుగుండూ వెళ్ళాయంటే ఆ చక్రాలు ఎక్కడివి? గుర్రాల మీద అది జరగదు, లెక్కలరాణి గారు చెప్పిందే సాక్ష్యం. పడమట రెండో ఫ్రంట్ (యుద్ధరంగం) తెరుస్తూ ఫ్రాన్సులోని నార్మండీలో దిగడానికి మిత్రదేశాలు 1944 జూన్ దాకా ఆగాయి కదా, అప్పటిదాకా అమెరికా మాంసం డబ్బాలు విప్పినప్పుడల్లా రష్యా సైనికులు "ఇదిగో రెండో ఫ్రంట్" అని నవ్వుకునేవారట.

నెల్లూరు_నాని
ఆ నవ్వులో మంట కూడా ఉండుంటది.

ఓరుగల్లు_అరుణ
మీ ఇద్దరి వాదనలోనే అసలు విషయం ఒకటి దాగుంది. ఆ సరుకు రష్యాకి ఏ దారిన వెళ్ళింది? ఆర్కిటిక్ మీదుగా మూర్మాన్స్క్‌కి కొంత, ఇరాన్ మీదుగా కొంత. కానీ దాదాపు సగం పసిఫిక్ దాటి వ్లాదివోస్తోక్ రేవుకి చేరింది. అంటే జపాన్ గుమ్మం ముందు నుంచి!

జపాన్, సోవియట్ యూనియన్ 1941 ఏప్రిల్ 13న తటస్థ ఒప్పందం చేసుకున్నాయి. అందుకని సోవియట్ జెండా కట్టుకున్న ఓడలు పోతుంటే జపాన్ చూస్తూ ఊరుకుంది. ఆయుధాలు ఆ దారిన పంపలేదు. తిండి, ట్రక్కులు, రైలింజన్లు మాత్రం యుద్ధం పొడవునా వెళ్ళాయి. జర్మనీ గొంతు మీదకి వచ్చే సరుకుని జర్మనీ మిత్రుడే దారిచ్చి పంపాడన్నమాట. పెర్ల్ హార్బర్ మీద దాడి చేస్తున్నామని జపాన్ హిట్లర్‌కి ముందుగా చెప్పనేలేదు. ఆయన నాలుగు రోజుల తర్వాత, 1941 డిసెంబర్ 11న, తనంతట తానే అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు.

ఇటుపక్క చూడండి. చర్చిల్‌కి స్టాలిన్ అంటే పడదు, రూజ్వెల్ట్‌కి చర్చిల్ సామ్రాజ్యం అంటే ఇష్టం లేదు. అయినా బ్రిటన్, అమెరికా సైన్యాధిపతులు వాషింగ్టన్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుని ఓడల లెక్కలు పంచుకున్నారు. తమ మీద దాడి చేసింది జపాన్ అయినా ముందు జర్మనీ సంగతి చూడాలని అమెరికా ఒప్పుకుంది. 1943 నవంబర్‌లో టెహ్రాన్‌లో ముగ్గురూ కలిసి రెండో ఫ్రంట్ ఎప్పుడో తేల్చుకున్నారు. అటువైపు హిట్లర్, ఇటలీ ముస్సోలినీ, జపాన్ ప్రధాని టోజో ముగ్గురూ ఒకచోట కూర్చున్న రోజు ఒక్కటీ లేదు. పిల్లలకి చెప్పాల్సిన మొదటి కారణం నాకైతే ఇదే.

అనకాపల్లి_సోషల్‌సార్
వ్లాదివోస్తోక్ సంగతి నిజంగా కొత్తది నాకు. గోడమీది మ్యాపులో ఆ దారి గీయిస్తే చాలు, పిల్లలే ప్రశ్నలు వేస్తారు.

మెకానిక్_మస్తాన్
మాది గుంటూరులో లారీ షెడ్డు. ట్యాంకుల గురించి ఒక మాట. టైగర్ ట్యాంకు గొప్పదని అందరూ అంటారు, నిజమే. కానీ మొత్తం చేసింది 1,350 దాకానే. రష్యా టి-34లు 50,000 పైన, అమెరికా షెర్మన్లు 49,000 దాకా. ఇంకో సంగతి, టైగర్ చక్రాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. లోపలి చక్రం పాడైతే దాని ముందున్నవన్నీ విప్పాలి. బురద గడ్డకట్టిందా, ఇక కదలదు. రోడ్డు మీద ఆగిపోయిన బండిని అక్కడికక్కడ బాగుచేసుకోలేకపోతే ఎంత గొప్ప బండైనా దండగే, ఇది నా రోజువారీ అనుభవం. షెర్మన్‌కి చాలా విడిభాగాలు ఇంకో షెర్మన్‌వి పట్టేవి.

రాజమండ్రి_రిగ్గు
మస్తాన్ గారి బండ్లకి డీజిలో పెట్రోలో పోయాలి కదండీ. నేను చమురు బావుల మీద పనిచేశాను, నా దృష్టంతా అటే పోతుంది. ఆ రోజుల్లో ప్రపంచంలో తీసే ముడి చమురులో సగానికి పైగా ఒక్క అమెరికాదే. జర్మనీకి ముఖ్యంగా ఉన్నవి రుమేనియాలో ప్లోయెష్టి బావులు, బొగ్గు నుంచి చేసే కృత్రిమ పెట్రోలు. 1942లో హిట్లర్ దక్షిణానికి కాకసస్ మీద పడింది బాకూ చమురు కోసమే. ఆగస్టులో అక్కడి చమురు ఊరు మైకోప్ దొరికింది. తీరా చూస్తే రష్యా వాళ్ళు బావులన్నీ పనికిరాకుండా చేసి వెళ్ళిపోయారు. బావిని సిమెంటుతో పూడ్చి పైపులు విరిచేస్తే మళ్ళీ చమురు తీయడం అంత తేలికైన పని కాదండీ. బాకూ దాకా వాళ్ళు వెళ్ళనేలేదు.

1944 మే నుంచి అమెరికా బాంబర్లు ల్యూనా లాంటి కృత్రిమ పెట్రోలు ఫ్యాక్టరీల మీద పడ్డాయి. వాటినుంచి వచ్చే విమానాల పెట్రోలు ఏప్రిల్‌లో 1,75,000 టన్నులుండేది, సెప్టెంబర్‌కి 5,000 టన్నులకి పడిపోయింది. అదే ఏడాది జర్మనీ మునుపెన్నడూ లేనన్ని యుద్ధ విమానాలు తయారుచేసింది! విమానాలున్నాయి, పోయడానికి పెట్రోలు లేదు, కొత్త పైలట్లకి నేర్పడానికి అంతకన్నా లేదు. డిసెంబర్‌లో ఆర్డెన్స్ అడవుల్లో చేసిన చివరి పెద్ద దాడిలో అమెరికా పెట్రోలు నిల్వలు పట్టుకుంటే తప్ప ముందుకెళ్ళలేని పరిస్థితి.

జపాన్‌దీ అదే గోల. తనకి కావలసిన చమురులో సుమారు 80 శాతం అమెరికా దగ్గరే కొనేది. 1941 ఆగస్టులో అది ఆగిపోయింది, డిసెంబర్‌లో యుద్ధానికి దిగింది. సుమత్రా, బోర్నియో బావులు దొరికాయి, కానీ ఆ చమురు ఇంటికి తెచ్చే ఓడల్ని అమెరికా జలాంతర్గాములు వరసగా ముంచాయి.

విశాఖ_తీరం
జపాన్ మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. జనం ఊళ్ళు ఖాళీ చేసి బళ్ళు కట్టుకుని పల్లెలకి పోయారని మా అమ్మమ్మ చెప్పేది. అప్పుడు పడి పేలని బాంబు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, సార్ పిల్లల్ని తీసుకొచ్చి చూపించండి.

నా ఆలోచన ఏంటంటే, ఆ వారంలో బంగాళాఖాతం అంతా జపాన్‌దే. ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలీ. మరి మళ్ళీ ఎందుకు రాలేదు? కొలంబో మీద దాడి చేసిన విమానవాహక నౌకల్లో అకాగి, సోర్యు, హిర్యు మూడూ రెండు నెలలకే జూన్‌లో పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గర మునిగాయి, కాగా అనే ఇంకో నౌకతో కలిపి నాలుగు. అలాంటి ఓడల్ని మళ్ళీ సరిపడా వేగంగా కట్టుకోవడం జపాన్ వల్ల కాలేదు. అమెరికా మాత్రం ఆ తర్వాత ఏడాదికి ఆరేడు పెద్ద విమానవాహక నౌకల్ని దించుతూ పోయింది.

ప్రశ్నల_ప్రణీత్
మిడ్‌వే అదృష్టం కదా? సరిగ్గా ఆ నిమిషంలో బాంబర్లు వచ్చాయని చదివా.

లెక్కలరాణి
నిమిషం అదృష్టమే. అమెరికా ఓడలు అక్కడ కాచుకుని ఉండటం మాత్రం అదృష్టం కాదు. జపాన్ సందేశాల్లో "ఏఎఫ్" అనే చోటు మీద దాడి అని వస్తోంది. అది మిడ్‌వే అవునో కాదో తేల్చుకోవడానికి, మా దీవిలో మంచినీళ్ళ యంత్రం చెడిపోయిందని సంకేతభాష లేకుండా ఒక అబద్ధపు కబురు పంపించారు. కొద్దిరోజుల్లో జపాన్ వాళ్ళు "ఏఎఫ్‌లో నీళ్ళకి కటకట" అని తమలో తాము చెప్పుకున్నారు. దొరికిపోయారు.

అట్లాంటిక్‌లోనూ అంతే. జర్మన్లు రహస్య సందేశాలకి వాడిన ఎనిగ్మా యంత్రాన్ని మొదట ఛేదించింది పోలండ్ గణితవేత్తలు. 1932లోనే మరియన్ రెజెవ్‌స్కీ దాని లోపలి తీగల అమరిక లెక్కకట్టాడు. 1939లో తమ దేశం పోయే ముందు ఆ పనంతా బ్రిటన్, ఫ్రాన్సుల చేతిలో పెట్టారు. దాని మీదే బ్రిటన్ సంకేతభాష ఛేదించే కేంద్రం బ్లెచ్‌లీ పార్కులో ట్యూరింగ్ వాళ్ళు కట్టుకుంటూ వెళ్ళారు. దానికి తోడు కొత్త రాడార్లు, దూరం ఎగిరే విమానాలు వచ్చి, 1943 మే ఒక్క నెలలో 40కి పైగా జర్మన్ జలాంతర్గాములు పోయాయి. వాళ్ళ నౌకాధిపతి డోనిట్జ్ మిగిలినవాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిచాడు. ఆ దారి తెరుచుకోకపోతే దొరబాబు గారి ఫ్యాక్టరీ సరుకంతా సముద్రం అడుగునే ఉండేది. లెక్కలు చదువుకునే ఆడపిల్లలకి నేను ఈ కథ తప్పకుండా చెబుతాను. బ్లెచ్‌లీలో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

తుని_రంగంమనవడు
మా నాయనమ్మ పుట్టింది రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో. వాళ్ళ నాన్న రంగూన్ రేవులో బస్తాలు మోసేవాడు. కాకినాడ, విశాఖల నుంచి ఓడెక్కి వెళ్ళినవాళ్ళు అక్కడ వేలల్లో ఉండేవారు. 1941 డిసెంబర్‌లో బాంబులు పడ్డాయి, 1942 మార్చి 8న ఊరు జపాన్ చేతిలోకి పోయింది. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకే. వీళ్ళు ప్రోమ్ మీదుగా కొండలు దాటి అక్యాబ్ వైపు నడిచారు. దారిలో కలరా. నాయనమ్మ చెల్లెలు అక్కడే పోయింది. పేరు ఎత్తితే చాలు, ముసలితనంలో కూడా కళ్ళనీళ్ళు పెట్టుకునేది. లక్షలమంది అలా నడిచారు, ఎంతమంది పోయారో సరిగ్గా ఎవరూ లెక్క రాయలేదు.

అందుకే నేను ఆ బర్మా యుద్ధం గురించే ఎక్కువ చదివాను. 1944 మార్చిలో జపాన్ జనరల్ ముతగుచి సుమారు 85,000 మందితో ఇంఫాల్, కొహిమాల మీదికి వచ్చాడు. మూడు వారాల తిండే వెంట తెచ్చుకున్నారు, ఆ లోపు బ్రిటిష్ గోదాములు పట్టేసుకుందామని. ఆ గోదాములు దొరకలేదు. ఇటువైపు బ్రిటిష్ జనరల్ స్లిమ్ సైన్యానికి, అందులో ఎక్కువమంది మన భారతీయులే, విమానాల్లో బియ్యం, గుండ్లు, మందులు దించారు. ఐదో ఇండియన్ డివిజన్‌ని బర్మా తీరంలోని అరకాన్ నుంచి ఏకంగా విమానాల్లో ఇంఫాల్ చేర్చారు. జపాన్ సైనికులు 30,000 మందికి పైగా పోయారు, చాలావరకు ఆకలితో, రోగాలతో.

మలేరియా సంగతి వినండి. 1943లో బర్మా సరిహద్దులో గాయపడిన ఒక్కడికి 120 మంది రోగులు ఆసుపత్రికి వెళ్ళేవారని స్లిమే రాశాడు. మలేరియా రాకుండా ఇచ్చే మెపాక్రిన్ మాత్రలు మింగుతున్నారో లేదో హఠాత్తుగా తనిఖీ చేయించి, తేడా వస్తే ఆ పటాలం అధికారినే తీసేసేవాడు. మన్యంలో చలిజ్వరం చూసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో వేరే చెప్పక్కర్లేదు.

ఓరుగల్లు_అరుణ
తుని గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అదే ఇంఫాల్ దారిలో ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ళు జపాన్ పక్కన నడిచారు. మనవాళ్ళు రెండు వైపులా చనిపోయారు. యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యం 25 లక్షలు, అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్ళు. అదే సమయంలో మన నాయకులు జైళ్ళలో ఉన్నారు. 1943లో బెంగాల్ కరువులో 20 నుంచి 30 లక్షల మంది పోయారు. బర్మా బియ్యం ఆగిపోయింది, జపాన్ చేతికి చిక్కుతాయని తీరంలో పడవల్ని ప్రభుత్వమే లాక్కుంది, ఓడలు యుద్ధానికే అన్నారు. మిత్రరాజ్యాలు ఎందుకు గెలిచాయో రాసే జాబితాలో ఓడల కేటాయింపు ఒక కారణమైతే, ఆ కేటాయింపులో ఎవరి తిండి పోయిందో కూడా పక్కనే రాయాలి.

కడప_కరీం
ఈ మాటకు చేతులెత్తి మొక్కుతా. చైనాను కూడా మర్చిపోవద్దండి. 1937 నుంచి జపాన్ భూసైన్యంలో పెద్ద భాగం ఆడనే ఇరుక్కుపోయింది. చైనా వాళ్ళ చావులు కోటి దాటినాయి, మన పుస్తకాల్లో ఒక్క లైను ఉండదు.

ప్రశ్నల_ప్రణీత్
సార్ మొదట అడిగిన అణుబాంబు సంగతి ఎవరూ ఎత్తలేదు.

డల్లాస్_దొరబాబు
1945 ఆగస్టు నాటికి జపాన్ గెలిచే ప్రశ్నే లేదు, మిగిలింది ఎప్పుడు లొంగుతుందనేదే. నౌకాదళం పోయింది, తిండి లేదు, మార్చిలో ఒక్క రాత్రి బాంబులకే టోక్యోలో లక్షమంది దాకా కాలిపోయారు. అయినా లొంగలేదు. లొంగదీసింది బాంబే అని నా నమ్మకం.

కడప_కరీం
టోక్యో కాలినా లొంగనోళ్ళు ఇంకో ఊరు కాలితే లొంగుతారా? ఆగస్టు 9న, నాగసాకి మీద బాంబు పడిన రోజే, తెల్లారకముందే సోవియట్ సైన్యం మంచూరియాలోకి దిగింది. రాజీ మాట్లాడేదానికి జపాన్ నమ్ముకున్నది మాస్కోనే. ఆ ఆశ పోయినాకే లొంగినారు.

ఓరుగల్లు_అరుణ
ఇద్దరికీ ఆధారం ఒకే మనిషి దగ్గరుంది. చక్రవర్తి హిరోహితో ఆగస్టు 15న రేడియోలో ప్రజలతో మాట్లాడినప్పుడు శత్రువు వాడిన కొత్త, క్రూరమైన బాంబు గురించి చెప్పాడు, రష్యా ఊసెత్తలేదు. రెండు రోజుల తర్వాత, 17న, సైనికులకి ఇచ్చిన ప్రకటనలో సోవియట్ యూనియన్ యుద్ధంలోకి దిగిందని చెప్పాడు, బాంబు మాటే లేదు.

అనకాపల్లి_సోషల్‌సార్
ఆ రెండు ప్రకటనలూ తెలుగులో రాసి ఇస్తాను, ఎందుకు అలా వేరువేరుగా చెప్పాడో పిల్లలే తేలుస్తారు. సోమవారం వ్లాదివోస్తోక్ దారితో మొదలుపెడుతున్నా. తుని గారూ, మీ నాయనమ్మ నడిచిన దారి కూడా అదే మ్యాపు మీద గీయిస్తాను, అభ్యంతరం లేదు కదా?

తుని_రంగంమనవడు
గీయించండి సార్. ప్రోమ్, టౌంగప్ కనుమ, అక్యాబ్, చిట్టగాంగ్. అక్కణ్ణుంచి కలకత్తాకి చేరి రైల్లో తుని వచ్చారు.